పదిహేడు పసుపు చుక్కలు

సోమవారం పొద్దున పాక్ దార్సోనో బు వినార్తి బల్ల దగ్గర ఆగలేదు.

ఆగకపోతే కొంప మునిగేదేమీ లేదు. కానీ పంతొమ్మిదేళ్ళుగా టేకు కుర్చీలు, అల్మరాలు చేసే ఆ షెడ్డు మేస్త్రీ ఆఫీసు మెట్లెక్కితే మొదట ఆగేది కిటికీ పక్కనున్న ఆ బల్ల దగ్గరే. చెప్పులు గుమ్మం బయట విడిచి, కనుబొమల మీద టేకు పొట్టు అలాగే ఉంచుకుని, నిలబడే మాట్లాడేవాడు. వినార్తి రెండుసార్లు కూర్చోమంటేనే కూర్చునేవాడు. మా జెపారాలో పెద్దవాళ్ళని మగవాళ్ళయితే పాక్, ఆడవాళ్ళయితే బు అనడం ఎంత మర్యాదో, ఇలా నిలబడి మాట్లాడటమూ అంతే. ఇవాళ "బాగున్నారా, బు" అని తల వంచి, రెండు బల్లలు దాటి వెళ్ళి, వినార్తిలాగే డ్రాయింగులు గీసే కొత్త పిల్ల కినాంతి పక్కనున్న స్టూలు కాలితో లాక్కుని చతికిలబడ్డాడు.

వినార్తి టీ గ్లాసు మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టింది. కళ్ళు కంప్యూటర్ మీద ఉన్నాయి, చెవులు మాత్రం రెండు బల్లల అవతల ఉన్నాయి. అల్మరా తలుపు గురించి ఏదో మాట్లాడుతున్నారు. దార్సోనో ఒక మాట అన్నాడు. కినాంతి "అయ్యో, నిజమే" అంది. ఇద్దరూ నవ్వారు. అల్మరా తలుపులో అంత నవ్వేందుకు ఏముందో వినార్తికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే ఎక్కువ మండించింది.

ఆ మంటకి నిప్పు శనివారమే పడింది. వేయించిన సోయా తెంపే ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని యజమాని పాక్ హెంద్రో మీటింగు పెట్టాడు. డ్రాయింగుల గొడవ. షెడ్డులో ఒకరి ఫోన్‌లో ఒక కాగితం, ఇంకొకరి ఫోన్‌లో ఇంకో కాగితం. మొన్నటి ఆర్డరులో ఆరు బెంచీలు పాత డ్రాయింగు చూసి కోసేశారు. వినార్తి ఫైళ్ళకి 'ఫైనల్', 'ఫైనల్ ఖాయం', 'ఫైనల్ ఇదే వాడండి' అని పేర్లుంటాయి. వాటిలో ఏది చివరిదో వినార్తికి తెలుసు. ఆమెను అడిగితే చెబుతుంది. అడగడానికి రావాలి, అంతే. అందరూ వచ్చేవారు కూడా.

కినాంతి ఒక యాప్ సంగతి చెప్పింది. డ్రాయింగు ఒకే చోట ఉంటుంది, అందరూ దాన్నే చూస్తారు. ఎవరికి ఎక్కడ సందేహం వస్తే అక్కడ వేలు పెట్టి రాస్తే పసుపు చుక్క పడుతుంది. చుక్క నొక్కితే ఆ మాట కనిపిస్తుంది, సరిచేస్తే చుక్క ఆకుపచ్చగా మారుతుంది.

"మనకి గ్రూపు ఉండగా ఇదంతా ఎందుకు?" అంది వినార్తి. "డ్రాయింగు నా దగ్గరుంటుంది. నేను సంతకం చేసి గ్రూపులో పెడతాను. ఇన్నాళ్ళూ నడవలేదా?"

హెంద్రో తెంపే ముక్క మిరపకాయతో కలిపి కొరికి, "వారం చూద్దాం" అన్నాడు. "కుర్చీల ఆర్డరు బు వినార్తి పద్ధతిలో నడపండి. అల్మరాల ఆర్డరు కినాంతి పద్ధతిలో. శనివారానికి ఎవరి దాంట్లో తప్పులు తక్కువ ఉంటే ఇకమీదట అంతా అదే. డ్రాయింగుల పెత్తనం కూడా వాళ్ళదే. రెండోవాళ్ళు వాళ్ళ కింద చేస్తారు."

ఆయన నవ్వుతూనే అన్నాడు. అందరూ తెంపే తిన్నారు. వినార్తి పళ్ళెం వైపు చెయ్యి చాచలేదు. నలభై ఆరేళ్ళ మనిషి. ఎనిమిది నెలల క్రితం ఉద్యోగంలో చేరినప్పుడు టేపు తిరగేసి పట్టుకున్న పిల్ల కింద తను పనిచేయాలా? ఆ పిల్లకి టేపు సరిగ్గా పట్టుకోవడం నేర్పింది తనేనాయె.

బుధవారానికి వినార్తి బల్ల మీద కొత్త నోటుపుస్తకం వెలిసింది.

మొదటి పేజీలో రెండు వరుసలు గీసింది. ఎడమ వైపు తన పేరు, కుడి వైపు కినాంతి పేరు. యాప్‌లో చూడటానికి అందరికీ వీలుండేది, ఆమెకీ లింకు వచ్చింది. మొదట్లో తెరవనని మొండికేసింది. మంగళవారం మధ్యాహ్నం తెరిచింది. ఇక మూయలేకపోయింది. గంటకోసారి లింకు నొక్కడం, చుక్కలు లెక్కపెట్టడం, పుస్తకంలో గీత గీయడం. తన కుర్చీల పని చేసుకుంటూనే. చేతుల కుర్చీకి వెనక బద్దలు గీస్తూ మధ్యలో ఆపి మరీ చూసేది.

చుక్కలు పెరుగుతున్నాయి. అల్మరా కాలు దగ్గర ఒకటి. అర దగ్గర రెండు. తలుపు కీలు దగ్గర ఒకటి. నొక్కితే చెక్కుడు పనివాడు కాస్మన్ రాసిన మాట: "అమ్మాయ్, ఇంత సన్న కాలు మీద ఇంత పువ్వు చెక్కితే కాలు మిగలదు, పువ్వే మిగులుతుంది."

ఆ మాట చదివి వినార్తికి మొదట సంబరం వేసింది. గీత గీసింది. ఇంకోసారి చదివితే సంబరం పోయింది. కాస్మన్‌కి ఇన్ని మాటలు వచ్చా? ఆమె దగ్గరికొస్తే "అవును, బు", "సరే, బు" తప్ప ఇంకో మాట ఎరగడు. ఈ పిల్లతో పువ్వుల మీద చమత్కారాలా?

షిప్పింగు కాగితాలు చూసే తుతిక్ కుర్చీ దొర్లించుకుంటూ వచ్చింది. ఆఫీసులో గాలి ఎటు వీస్తోందో ముందుగా ఆవిడ ముక్కుకే తెలుస్తుంది.

"ఎన్నయ్యాయి?" అంది గొంతు తగ్గించి.

"పదకొండు."

"నీకు?"

"ఒక్కటీ లేదు."

"ఇంకేం మరి. గెలిచినట్టే."

"గెలవడానికి ఇదేం పోటీనా," అంది వినార్తి, పుస్తకం మీద అరచెయ్యి కప్పి.

"ఆహా, కాదు," అంది తుతిక్. "పుస్తకం ఊరికే కొన్నావు. అయినా ఒకటి చెప్పు. పొద్దుట్నించీ ఆ పిల్ల బల్ల దగ్గర సంత. ఇప్పుడే దార్సోనో అరటాకులో చుట్టి ఏదో తెచ్చిచ్చాడు. నీకెప్పుడైనా తెచ్చాడా?"

వినార్తి పుస్తకం సొరుగులోకి తోసేసింది. పండక్కి అందరూ కలిసి ఆమెకి ఒక బుట్ట ఇస్తారు. నూనె, పంచదార, బిస్కెట్లు, పైన మెరుపు కాగితం, ఆ పైన చీటీ. అరటాకులో చుట్టినది ఎవరూ ఇవ్వలేదు. అది తినుబండారం కాబట్టి తనకి అక్కర్లేదని సర్దిచెప్పుకుంది. సర్దుకోలేదు. మధ్యాహ్నం చేపల పులుసు డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేసింది. కుళ్ళు అంటే ఇదేనని ఆమెకి తెలియకపోలేదు. తెలిసినంత మాత్రాన పోయేదైతే లోకంలో ఎవరికీ ఉండదు.

గురువారం దార్సోనో ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. తనంతట తను రాలేదు, ఆమే పిలిపించింది. కుర్చీల పని ఎంతవరకు వచ్చిందని అడగడానికన్నది సాకు.

"కూర్చోండి, పాక్."

"ఫర్వాలేదు, బు."

"కూర్చోండి."

కూర్చున్నాడు. కుర్చీ అంచున. ఆమె టీ పోసి రెండు చెంచాల పంచదార వేసింది. ఆయన గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. ఎండల గురించి మాట్లాడాడు. వినార్తి కూతురి పరీక్షల సంగతి అడిగాడు. వాళ్ళ వీధిలో పైపు పగిలిన సంగతి చెప్పాడు. టీ సగం అయ్యాక గ్లాసు కిందపెట్టి, చూపుడు వేలితో బల్ల అంచు నిమిరాడు.

"ఆ కుర్చీ చేతులు..." అన్నాడు.

"ఏం?"

"ఏం లేదు. అందంగా ఉన్నాయి. కొంచెం ఎత్తుగా కనిపిస్తాయేమోనని మా కాస్మన్ అన్నాడు. వాడికేం తెలుసు."

"అరవై ఏడు. కొనేవాళ్ళు ఒప్పుకున్న కొలతే."

"అవునవును. మీరు చూడకుండా గీస్తారా."

"మా కుర్చీల డ్రాయింగులో ఇంకేమైనా సందేహాలున్నాయా, పాక్? ఉంటే చెప్పండి. నేనేం అనుకోను."

"మీ డ్రాయింగులో సందేహాలేం ఉంటాయి, బు," అన్నాడు దార్సోనో. మిగతా టీ ఒక్క గుక్కలో తాగేశాడు. లేచి, వెనక్కి రెండడుగులు వేసి, తల వంచి, అప్పుడు తిరిగాడు.

వినార్తి మనసు కాస్త కుదుటపడింది. నోటుపుస్తకం తీసి తన పేరు కింద సున్నా చుట్టింది. గుండ్రంగా, తీరుబడిగా చుట్టింది. తల ఎత్తేసరికి దార్సోనో గుమ్మం దగ్గర కినాంతితో మాట్లాడుతున్నాడు. చెయ్యి ఊపుతూ ఏదో గట్టిగా మందలిస్తున్నాడు. ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టుకుని వింటోంది. ఆ మందలింపు చూసి సంతోషించాల్సింది పోయి వినార్తి కళ్ళలో నిప్పులు పోసుకుంది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

శనివారం మీటింగులో ఆమె పదిహేడు కాగితాలు బల్ల మీద పరిచింది.

యాప్‌లోని చుక్కలన్నీ ఒక్కోటీ ఒక్కో కాగితం మీద అచ్చు తీయించింది. చుక్క చుట్టూ ఎర్ర పెన్నుతో గీసింది. అలా చేస్తున్నప్పుడు చేతికి సిగ్గు వేసిన మాట నిజం. అయినా చేతులు ఆగలేదు.

"అల్మరాలు, పదిహేడు," అంది. "కుర్చీలు, ఒక్కటీ లేదు. నేను ఎవర్నీ తక్కువ చేయడం లేదు సర్. మీరు లెక్క అడిగారు, తెచ్చాను."

హెంద్రో కాగితాలు తిప్పాడు. కాస్మన్ పువ్వు మాట దగ్గర నవ్వాడు. "ఏమ్మా కినాంతీ?"

కినాంతి చెవులు ఎర్రబడ్డాయి. "తప్పులే సర్. అన్నీ నావే. కానీ చెక్క కోయకముందే దొరికాయి. అన్నీ దిద్దేశాను. పదహారు ఆకుపచ్చ అయ్యాయి, ఒకటి మధ్యాహ్నానికి అవుతుంది."

"దొరికినా తప్పు తప్పేగా," అన్నాడు హెంద్రో. ఆయనకి ఆ యాప్ తెరవడం ఇప్పటికీ సరిగ్గా రాదు. మొన్న ఒక అల్మరాని వేలు తగిలించి పక్కకి జరిపేశాడు కూడా. అందువల్ల ఆయనకి ఈ తీర్పు సుఖంగానే ఉంది. "పదిహేడు ఎక్కడ, సున్నా ఎక్కడ? పాత పద్ధతే ఉంచుదాం. పాక్ దార్సోనో, మీరేమంటారు?"

గోడవారన నిలబడ్డ దార్సోనో తల వంచుకుని, "పెద్దవాళ్ళు ఎలా అంటే అలాగే," అన్నాడు. కినాంతి వైపు చూడలేదు. వినార్తి వైపూ చూడలేదు.

కినాంతి ల్యాప్‌టాప్ మూసి, "సరే సర్" అంది. ఆ తర్వాత వినార్తి దగ్గరికి వచ్చి, "సోమవారం నుంచి నేనేం చేయాలో చెప్పండి, బు" అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదని వినార్తికి అనిపించింది. తిరిగి అనడానికి నాలుగు మాటలు సిద్ధంగా పెట్టుకుంది, అవి అలాగే మిగిలిపోయాయి.

మధ్యాహ్నం కెమెరా, టేపు పట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. మొదటి చేతుల కుర్చీ తయారైంది, ఫైలుకి ఫొటోలు తీయాలి. నిజానికి ఫొటోలు తుతిక్ తీసినా సరిపోతుంది. గెలిచిన రోజు నలుగురి మధ్యా ఒకసారి తిరగాలనిపించింది.

భోజనాల వేళ కావడంతో మిషన్లు ఆగి ఉన్నాయి. పనివాళ్ళు వెనక వరండాలో ఉన్నారు, లవంగం సిగరెట్ల వాసన వస్తోంది. ఈ కుర్చీలతో పాటు వెళ్ళే నమూనా బల్ల ఎదురుగా కుర్చీ ఉంది. బాగా కుదిరింది. కాస్మన్ ఉలి పనితనం వీపు మీద కనిపిస్తోంది. వినార్తి నాలుగు వైపులా ఫొటోలు తీసింది. అలవాటు కొద్దీ టేపు లాగి కొలతలు చూసింది. సీటు నలభై ఆరు. వీపు తొంభై రెండు. చెయ్యి అరవై నాలుగు.

మళ్ళీ కొలిచింది. అరవై నాలుగే. డ్రాయింగులో అరవై ఏడు.

మూడు సెంటీమీటర్లు తక్కువ. అది కూడా తన ఆర్డరులో, ఈ వారమే. దార్సోనోని కేకేయడానికి నోరు తెరిచింది. ఎందుకో కేకేయకుండా కుర్చీని ముందుకి తోసింది. కుర్చీ చేతులు బల్ల కిందికి మెత్తగా దూరిపోయాయి. బల్ల అడుగు బద్దకీ కుర్చీ చేతికీ మధ్య ఒక వేలు పట్టే సందుంది.

వంగి బల్ల అడుగు కొలిచింది. అరవై అయిదు. ఆ బల్ల కూడా తను గీసిందే. తను చెప్పినట్టు కుర్చీ చేతులు అరవై ఏడు పెట్టి ఉంటే, అరవై కుర్చీల్లో ఒక్కటీ ఆ బల్ల కిందికి పోయేది కాదు.

తర్వాత లేచి షెడ్డు వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. ప్రతి ఆర్డరుకీ వడ్రంగులు ప్లైవుడ్‌తో అచ్చులు కోసుకుని ఆ గోడకి మేకులకు తగిలిస్తారు. వాటి మీద గీత పెట్టే చెక్క కోస్తారు. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఆ గోడ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆఫీసువాళ్ళకి అక్కడ పనేముంది? ఈ కుర్చీ అచ్చు ముందే ఉంది. దాని మీద దార్సోనో లావు పెన్సిలుతో 67 అని రాసి, కొట్టేసి, పక్కన 64 అని రాశాడు.

దాని వెనక అచ్చు తీసింది. పోయిన సంవత్సరం పడకకుర్చీ. రెండు అంకెలు కొట్టేసి ఉన్నాయి. దాని వెనక పుస్తకాల అర. మూడు. దాని వెనక, దుమ్ము పట్టి, ఆమె ఉద్యోగంలో కుదురుకున్న కొత్తలో గీసిన గుండ్రబల్ల. ఒకటి. కొన్నిటి మీద ఏమీ లేవు. ఎక్కువ వాటి మీద ఉన్నాయి. ఆమె అచ్చులు తీస్తూ పోయింది. చేతులంతా దుమ్మైంది.

"బు," అన్నాడు వెనక నుంచి దార్సోనో. సిగరెట్టు వెనక దాచుకున్నాడు. "మీరెందుకు ఇక్కడ... బట్టలు పాడవుతాయి."

"ఇవన్నీ నావేనా?"

ఆయన ఒక అచ్చుని తిరిగి మేకుకి తగిలించాడు.

"నావేనా, పాక్?"

"కొన్ని మావి కూడా ఉంటాయి," అన్నాడు.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"ఏముంది బు చెప్పడానికి. చిన్న చిన్నవి. షెడ్డులో సర్దుకుంటాం."

"మూడు సెంటీమీటర్లు చిన్నదా? కినాంతి దగ్గర అర సెంటీమీటరుకి కూడా రాశారుగా. చదివాను నేను. పుస్తకంలో రాసుకున్నాను."

దార్సోనో కాలి బొటనవేలితో చిత్రిక పొట్టు అటూ ఇటూ నెట్టాడు. "ఆ పిల్ల మా ఇంట్లో పిల్లలాంటిది. తిట్టినా నవ్వుతుంది. మీరు..." మాట కోసం వెతుక్కున్నాడు. "మీకు ఎలా చెప్తాం, బు? మొహమాటం కదా. గురువారం చెబుదామనే వచ్చాను."

వచ్చాడు. కొంచెం ఎత్తుగా ఉన్నాయేమోనని కాస్మన్ మీద పెట్టి అన్నాడు. కాస్మన్‌కి ఏం తెలుసని తనే మింగేశాడు. ఆమె ఆ మాటని మెచ్చుకోలు అనుకుని సున్నా చుట్టింది. మా జెపారాలో పెద్దవాళ్ళకి తప్పు చూపించడమంటే అంతే మరి. టీ సగం తాగేదాకా ఆగాలి, ఎవరి మీదో పెట్టి చెప్పాలి, చెప్పింది వెంటనే వెనక్కి తీసుకోవాలి. అర్థం చేసుకుంటే వాళ్ళ అదృష్టం. వినార్తికి ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. అవతలి వైపు తను ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆదివారం ఇంట్లో ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సిగ్గు వేయాలి, వేసింది. దాని వెనకే ఇంకోటి కూడా ఉంది, అది పాతదే, కినాంతి మీద ఏడుపు. పోతుందనుకుంది. పోకపోగా పెరిగింది. ఆ పిల్లకి పదిహేడు మాటలు చెప్పారు. తనకి పంతొమ్మిదేళ్ళలో ఒక్కటీ చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే హెంద్రో అన్ని ఆర్డర్ల డ్రాయింగులూ ఆమెకి అప్పగించే కాగితం పట్టుకొచ్చాడు. "సంతకానికి సాయంత్రం దాకా ఆగండి సర్," అంది. ఆయన వింతగా చూసి వెళ్ళిపోయాడు.

ఆమె లేచి రెండు బల్లలు దాటింది. ఆ ఎనిమిది నెలల్లో కినాంతి బల్ల దగ్గరికి ఆమె రావడం అదే మొదటిసారి. ఎప్పుడూ కేకేస్తే ఆ పిల్లే వచ్చేది. కినాంతి గబుక్కున లేచి నిలబడింది.

"కూర్చో. ఆ యాప్ తీసేశావా?"

"లేదు, బు. ఈ నెలంతా ఉంటుంది."

వినార్తి పెన్‌డ్రైవు ఇచ్చింది. "ఇందులో మూల అల్మరా డ్రాయింగు ఉంది. కొత్త ఆర్డరుది. అందులో పెట్టు."

"మీ పేరుతో ఖాతా తెరవాలి. రెండు నిమిషాలు..."

"నా పేరు వద్దు. నీ పేరుతోనే పెట్టు. నువ్వు గీశావనుకోవాలి."

కినాంతి ఆమె మొహంలోకి చూసింది. ఏదో అడగబోయి మానేసింది. డ్రాయింగు పెట్టి, షెడ్డువాళ్ళకి కబురు పంపింది.

మధ్యాహ్నం నమాజు అయ్యి, భోజనాలు అయ్యేసరికి పదకొండు చుక్కలు పడ్డాయి.

వినార్తి కినాంతి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఒక్కో చుక్కా నొక్కమంది. అర లోతు తక్కువ, పళ్ళెం పట్టదు. కీలు తిరగేసి ఉంది. వెనక పలకకి గాడి చూపించలేదు. కాస్మన్: "అమ్మాయ్, ఈ మూలలో నేను చెక్కాలంటే ముందు నా మోచెయ్యి కోసేయాలి." నవ్వొచ్చే మాటే. కినాంతి నవ్వలేదు, ఓరగా వినార్తి మొహం చూస్తోంది. ఏడో చుక్క దార్సోనోది. కినాంతి వేలు దాని దగ్గర ఆగింది.

"ఇది వద్దులెండి, బు."

"నొక్కు."

దార్సోనో రాసింది: "పిల్లా, ఈ తలుపు పూర్తిగా తెరిస్తే పక్క గోడకి కొట్టుకుంటుంది. మూల అల్మరా అని పేరు పెట్టి మూలే మర్చిపోతే ఎలా? కళ్ళు తెరిచి గీశావా, కునుకుతూ గీశావా? నీకీ పద్ధతి నేర్పినవాళ్ళెవరు? వెంటనే షెడ్డుకి రా, చూపిస్తాను. తిని రా, ఖాళీ కడుపుతో రాకు."

వినార్తి రెండుసార్లు చదివింది. మూడోసారి చివరి ముక్క ఒక్కటే చదివింది. ఖాళీ కడుపుతో రాకు. పక్కన తల దించుకుని కూర్చున్న ఈ పిల్ల మీద, పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా పడనంత ఈర్ష్య పడింది. జీతానికి కాదు, వయసుకి కాదు, యాప్‌కి కాదు. ఆ తిట్టుకి.

"ఆయనకి తెలియదు బు, మీదని," అంది కినాంతి. "తెలిస్తే ఇలా రాయరు."

"అదేగా," అంది వినార్తి. లేచి టేపు తీసుకుంది. "సర్‌కి నేను చెప్తాను. కుర్చీల్లో కూడా తప్పుందని, నీ యాప్ ఉంచమని. డ్రాయింగులు అప్పగించే ఆ కాగితం మీద నీ పేరు రాయించుకో. ఈ డ్రాయింగు మీద మాత్రం నా పేరు వెయ్యి."

"నేనూ రానా షెడ్డుకి?"

"వద్దు. తిట్టింది నన్ను."

షెడ్డులో చిత్రిక మిషను నడుస్తోంది. దార్సోనో కాస్మన్ పక్కన చాప మీద కూర్చుని టేకు దిమ్మ మీద గీతలు పెడుతున్నాడు. వినార్తి రావడం చూసి ఇద్దరూ లేచారు. కాస్మన్ ఉలి కింద పెట్టాడు. దార్సోనో భుజం మీది తువ్వాలుతో స్టూలు తుడిచాడు.

"కూర్చోండి, బు."

"ఆ మూల అల్మరా గీసింది నేను," అంది వినార్తి.

కాస్మన్ మొహం పాలిపోయింది. దార్సోనో చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"అది బాగానే ఉంది, బు. నేనే సరిగ్గా చూడలేదు. కళ్ళద్దాలు మార్చాలి. ఆ తలుపు అలాగే ఉండొచ్చు."

"గోడకి కొట్టుకుంటుందన్నారు."

"కొట్టుకోదు లెండి. గోడనే కొంచెం జరుపుకుంటారు."

కాస్మన్ కూడా తలాడించాడు. కొనేవాళ్ళు గోడ జరుపుకుంటారట. వినార్తికి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. రెండూ ఆపుకుంది. తుడిచిన స్టూలు వైపు చూసింది. కూర్చుంటే తను పైన ఉంటుంది, వాళ్ళు కింద ఉంటారు. ఇక ఆ తలుపు ఎప్పటికీ బాగానే ఉంటుంది.

ఆమె స్టూలు పక్కకి జరిపి చిత్రిక పొట్టులో, చాప కూడా లేని చోట, నేల మీద కూర్చుంది.

"బు, బు, అక్కడ కాదు," అన్నాడు దార్సోనో కంగారుగా. ఆమె కదలలేదు. పెద్దామె కింద కూర్చుంటే తను నిలబడలేడు, అందుకని తనూ కూర్చోబోయాడు. ఆమె చెయ్యి చూపించి ఆపింది. ఆయన ఆ వంగిన భంగిమలోనే ఉండిపోయాడు. ఆమె డ్రాయింగు కాగితం పొట్టులో పరిచి, ఆయన చెవి మీదున్న లావు పెన్సిలు అడిగి తీసుకుని, ఆయన చేతికే ఇచ్చింది.

అవతల ఎవరో మిషను ఆపారు. దార్సోనో మెల్లగా చాప చివర కూర్చుని కాగితం తన వైపు తిప్పుకున్నాడు. పెన్సిలు మొన తలుపు మీద ఆనింది.

"ఇక్కడ," అన్నాడు. "ఇక్కడ కొంచెం..."

వినార్తి ఎదురుచూసింది.

"కొంచెం కాదు," అన్నాడు దార్సోనో ఇంకా తల ఎత్తకుండా. "తప్పు."

"ఒకటయింది," అంది వినార్తి. "ఇంకా పది ఉన్నాయి, చెప్పండి."